నూట ముప్పై

చిలోయె దీవిలో వాన అడిగి రాదు.
ముప్పై నాలుగు ప్రశ్నలు, రెండు పెన్సిళ్ళు
ప్లాస్టిక్ కవర్లో చుట్టుకుని
గుమ్మం తర్వాత గుమ్మం ఎక్కుతాను.

నియమం ఒకటే:
మొగుణ్ణీ పెళ్ళాన్నీ వేరువేరు గదుల్లో కూర్చోబెట్టాలి,
ఒకరి జవాబు ఒకరి చెవిన పడకూడదు.
సాంతియాగోలో ఇది రాసినాయన
ఇక్కడి చెక్క గోడలు చూసి ఉండడు.
ఈ పలకల సందుల్లోంచి
ఈ గదిలో పిల్లి తుమ్మితే
ఆ గదిలో చిరంజీవ అంటారు.

కెయ్యోన్‌లో ఎదువీహిస్ మన్సియ్యా.
సాల్మన్ ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు.
ముళ్ళు పీకీ పీకీ బొటనవేలు ఒక పక్కకి ఒరిగిపోయింది.
ఇంటి పనిలో మీ వాటా నూటికి ఎంత?
"డెబ్భై" అంది, నా కోసం నీళ్ళు పొయ్యి మీద పెడుతూనే.
పక్క గదిలో నోల్బెర్తో.
పడవ అమ్మేసినప్పట్నుంచీ
రొట్టె కాల్చేదీ, పిల్లకి జడ వేసేదీ అతనే.
చాలాసేపు చేతులకేసి చూసుకున్నాడు,
గోళ్ళలో పిండి ఇంకా ఉంది.
"అరవై వేసుకోండి.
ఎక్కువ చెప్పాననుకుంటుంది పాపం."
గోడ అవతల్నించి:
"అనుకోవడమెందుకు, విన్నాగా!"

సంతృప్తి పదికి ఎంత అన్నప్పుడు మాత్రం
ఇద్దరూ గొంతు తగ్గించారు.
అది నేను కూడా ఇక్కడ చెప్పను.

డెబ్భై, అరవై. నూట ముప్పై.
ఆ రాత్రి కంప్యూటర్ ఎర్రబడింది:
తప్పు. సరిచూడండి.
ఏం సరిచూడను?
చేసిన చెయ్యి వడ్డీతో సహా రాసుకుంటుంది,
నిద్రలో ఉన్న కన్ను అసలుకే ఎసరు పెడుతుంది.
ఆవిడ ఫ్యాక్టరీలో ఉన్న రాత్రుళ్ళు
పిల్ల దగ్గును ఎవరు లెక్కపెట్టారు?
అతను పడుకున్న పొద్దుటిపూట
చేప వాసన ఇంట్లోకి రాకుండా
బయట చన్నీళ్ళతో ఎవరు కడుక్కున్నారు?

చోన్చిలో బడిపంతులు దంపతులది
ఫ్రిజ్ మీద అంటించిన పట్టిక.
సోమవారం అంట్లు అతను, మంగళవారం ఆమె,
ఆదివారం ఇద్దరూ, ఆకుపచ్చ సిరాతో.
యాభై, యాభై.
కంప్యూటర్ మురిసిపోయింది.
సంతృప్తి?
ఆమె కిటికీ చూసి నాలుగంది.
అతను అడిగాడు, "ఆమె ఎంత చెప్పింది?"

లెముయ్ రేవు దాటి, బురదలో గంట నడక.
ఒర్తెన్సియా గెన్తెయో, ముక్కుపొడుం మనిషి:
"నాదా? ముప్పై ఉంటే గొప్ప. అంతా ఆయనే."
రొసమెల్, కోళ్ళ మధ్య నిలబడి:
"నలభై చాలు. ఇంటికి దిక్కు ఆవిడే."
కలిపితే డెబ్భై.
మరి మిగతా ముప్పై ఎవరు చేస్తారు?
చుట్టూ చూశాను.
ఎవరూ చెయ్యరు.
మూడురోజుల గిన్నెలు తొట్టిలో గోపురం కట్టాయి,
బల్ల మీద ఒక పెట్ట గుడ్డు పెట్టే ఆలోచనలో ఉంది,
పైకప్పు కారే చోట బకెట్,
బకెట్ నిండిన చోట ఇంకో బకెట్.
ఆవిడ పది అంది.
ఆయన తొమ్మిదన్నాడు,
"బకెట్ చప్పుడుకి ఒకటి తగ్గించండి."

మళ్ళీ ఎర్ర అక్షరాలు.
కారణం రాయాల్సిన గడిలో
వాన, అని రాసి పంపాను.

నెలాఖరుకి ఒక ఫారం మిగిలింది.
అననియాస్ దాన్ని తిరగేసి చూసి,
"మనదెంత వస్తుందంటావ్?" అన్నాడు.
సర్వే చేసేవాళ్ళ ఇళ్ళు లెక్కలోకి రావన్నాను.
అది నిజమే, కాగితం మీద ఉంది.
అతను ఇంకేం అనకుండా
కట్టెల కోసం లేచి వెళ్ళాడు.

ఈసారి చూశాను.
పదకొండు తెచ్చాడు.
పొడివి పొయ్యి దగ్గర పెట్టి
తడివి గోడకి నిలువుగా ఆనించాడు,
రేప్పొద్దున నేను లేచేసరికి ఆరేలా.
ఎన్నేళ్ళుగా ఇలా ఆనిస్తున్నాడో
ముప్పై నాలుగు ప్రశ్నల్లో లేదు.
నేనూ అడగలేదు.